అమ్మతో బహ్రెయిన్: ముత్యాలు, అప్పులు, జమ్మి చెట్టు

బుధవారం

హైదరాబాద్‌లో ఎక్కితే నాలుగు గంటల్లో బహ్రెయిన్. విమానం కిందికి దిగుతుంటే అమ్మ కిటికీలోంచి చూసి, "దేశం మొత్తం ఇదేనా?" అంది. ఇంచుమించు అంతే. ముప్పైకి పైగా దీవులు, అన్నీ కలిపితే 780 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులోనూ కొంత సముద్రాన్ని పూడ్చి కలుపుకున్నదే. జనాభా పదిహేను లక్షలకు అటూ ఇటూ. వాళ్లలో సగం మందికి పైగా బయటి దేశాలవాళ్లు, మన భారతీయులే మూడు లక్షలకు మించి ఉన్నారు. పడమటి పక్క సౌదీ అరేబియా, దాన్ని కలుపుతూ 1986లో తెరిచిన పాతిక కిలోమీటర్ల వంతెన. వారాంతం వస్తే సౌదీల కార్లన్నీ ఆ వంతెన మీదే ఉంటాయట.

మా అక్కా బావా ఉండేది ఇక్కడే. మనవాళ్లకి గల్ఫ్ అంటే డ్యూటీ, జీతం, వీసా. చుట్టాలుంటే వస్తాం తప్ప చూడ్డానికని ఎవరూ రారు. నేను మాత్రం ముత్యాల కోసమే వచ్చాను. కొనడానికి కాదు. హైదరాబాద్‌కి ముత్యాల నగరమని పేరు, చుట్టుపక్కల సముద్రమే లేదు. ఇవి ఎక్కడివని పత్తర్‌గట్టీ దుకాణాల్లో పెద్దవాళ్లని అడిగితే, పాత సరుకైతే "బసరా" అంటారు. బసరా ఇరాక్‌లో ఒక రేవు, సరుకు చేతులు మారిన చోటు. చిప్పలు పెరిగింది మాత్రం గల్ఫ్ నీళ్లలో, అందులోనూ పేరు మోసినవి బహ్రెయిన్ చుట్టూ ఉన్న తిప్పల మీద. నిజాం నగల్లో ఉన్న ఏడు పేటల హారానికి కూడా బసరా ముత్యాల హారమనే పేరు. ఆ నగల్ని ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొని రిజర్వు బ్యాంకు లాకర్లో పెట్టింది. హైదరాబాద్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు అద్దం అవతల నుంచి చూశాను. అప్పటి నుంచీ ఈ ఊరు చూడాలని ఉంది.

అక్క పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి పెట్టింది. ఇంకేం లేదు, పడుకున్నాం.

గురువారం

ముహర్రఖ్. విమానాశ్రయం ఉన్న దీవి ఇదే, పాత రాజధానీ ఇదే. బావకి ఆఫీసు ఉంది కాబట్టి పొద్దున్నే మమ్మల్ని దింపి వెళ్లిపోయాడు.

2012లో యునెస్కో ఇక్కడి ముత్యాల వృత్తి ఆనవాళ్లని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సముద్రంలో మూడు ముత్యపు తిప్పలు, పడవలు బయల్దేరిన తీరంలో కొంత ముక్క, బూ మాహిర్ కోట, ఊళ్లో పదిహేడు కట్టడాలు. వీటిని కలుపుతూ ఇరుకు సందుల్లోంచి మూడున్నర కిలోమీటర్ల కాలిబాట వేశారు. దారి తప్పకుండా మలుపు మలుపుకీ దీపస్తంభాలు, వాటి తలమీద ముత్యంలాంటి గుండ్రటి తెల్ల దీపాలు. అమ్మ మోకాళ్లతో మూడున్నర కిలోమీటర్లంటే టెన్షన్ పడ్డాను గానీ, మధ్యమధ్యలో కూర్చోవడానికి చిన్న చిన్న తోటలు ఉన్నాయి.

బాట మధ్యలో ఉన్న సందర్శకుల కేంద్రం స్విస్ ఆర్కిటెక్టు వలేరియో ఓల్జాటి కట్టింది. పాత గోదాముల శిథిలాల మీద బ్రహ్మాండమైన కాంక్రీటు కప్పు, సన్నటి స్తంభాల మీద. పక్కనున్న పగడపు రాతి ఇళ్లకీ దీనికీ పొత్తు కుదర్లేదనిపించింది. అయితే ఆ ఎండలో దాని నీడ కిందికి వెళ్లాక ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు. ముహర్రఖ్ పాత ఊరిని నిలబెట్టినందుకు 2019లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ పురస్కారం కూడా వచ్చింది.

ఇళ్లు చూడాలి. సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాయి, దానిమీద జిప్సం పూత. దూలాలకి తూర్పు ఆఫ్రికా నుంచి మడచెట్ల కర్రలు, తలుపులకి మన దేశం నుంచి టేకు. సొంత నేల మీద మొలిచింది ఖర్జూరం ఒక్కటే, దాని కమ్మలు చాపలకీ పైకప్పులకీ వాడారు. 1869 నుంచి ఈ దీవుల్ని ఏలిన షేక్ ఈసా బిన్ అలీ ఇంట్లో గాలి బురుజు ఉంది. పైన వీచే గాలిని పట్టి కింది గదిలోకి దించుతుంది. కరెంటు లేని రోజుల్లో ఇంత ఎండకి ఇంకేం దిక్కు! అమ్మ దాని కింద నిలబడి కొంగు ఎగరడం చూసుకుని, "మన ఊళ్లో ఇలాంటివి ఎందుకు కట్టలేదో" అంది. నా దగ్గర జవాబు లేదు.

సియాదీ కుటుంబం ముత్యాల వ్యాపారులు. వాళ్ల మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే చావడిలో, జిప్సం మీద చెక్కిన లతలు, రంగుటద్దాలు. బిన్ మతర్ వాళ్లదీ ముత్యాల సొమ్మే. 1905లో వాళ్లు కట్టుకున్నప్పుడు ఆ ఇంటికి మూడు వైపులా నీళ్లట. ఇప్పుడు చుట్టూ రోడ్లు, కార్లు, సముద్రం కనుచూపు మేరలో లేదు. 1912లో పారిస్ నగల వ్యాపారుల కుటుంబానికి చెందిన జాక్ కార్టియే ఈ వ్యాపారులని వెతుక్కుంటూ వచ్చాడు. నేల మీద వాళ్ల పక్కన కూర్చుని తీయించుకున్న ఫోటో ఒకటి ఉంది. కోటు వేసుకున్నవాడు ఒకడు, చుట్టూ అరబ్బు షేకులు. ఎవరికి ఎవరి అవసరం ఎక్కువో ఫోటో చూస్తే తెలిసిపోతుంది.

నేను ఎక్కువసేపు ఆగింది ఈ పెద్దిళ్ల దగ్గర కాదు, అల్ గూస్ ఇంటి దగ్గర. అది మునిగేవాడి ఇల్లు. చిన్నది. వ్యాపారి ఇంటి గుమ్మం పక్కన పెడితే కనబడదు.

పని ఎలా జరిగేదంటే, జూన్‌లో పడవలు కదిలేవి, సెప్టెంబరు చివరికో అక్టోబరు మొదటికో తిరిగొచ్చేవి. నాలుగు నెలలు సముద్రం మీదే. 1905 నాటి లెక్కల్లో బహ్రెయిన్‌వి 917 పడవలు, వాటి మీద 17,500 మంది. పడవ నడిపించే పెద్దని నఖుదా అంటారు. మునిగేవాడు ముక్కుకి తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసిన క్లిప్పు పెట్టుకుని, వేళ్లకి తోలు తొడుగులు వేసుకుని, కాలికి రాయి కట్టుకుని దిగుతాడు. మెడలో తాడుతో అల్లిన బుట్ట. పైన తాడు పట్టుకునేవాడు సైబ్. కింద నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అందినన్ని చిప్పలు ఏరి తాడు లాగితే సైబ్ పైకి లాగాలి. ఇద్దరికీ కుదరకపోతే ప్రాణం పోయినట్టే. రోజుకి యాభై మునకలు మామూలు. పగలంతా నాలుగు ఖర్జూరాలు, కాఫీ నీళ్లు. కడుపు నిండా ఉంటే మునగలేరు కాబట్టి రాత్రికే అన్నం. చెవులు పగిలేవి, కళ్లు పాడయ్యేవి, జెల్లీ చేపలు కాల్చేవి.

దీనికి కూలీ లేదు. వాటా ఉండేది. సరుకు అమ్మాక ఖర్చులు పోగా మిగిలినదాన్లో మునిగేవాడికి ఒక వంతు, తాడు లాగేవాడికి అంతకన్నా తక్కువ. కానీ నాలుగు నెలలు ఇంట్లోవాళ్లు తినాలి కదా. పడవ ఎక్కేముందు నఖుదా దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. సీజన్ బాగాలేకపోతే అది తీరదు. చలికాలం గడవడానికి మళ్లీ తీసుకుంటారు. లెక్క రాసేది నఖుదా, చదవలేనిది మునిగేవాడు. అప్పు తీరేదాకా ఇంకో పడవ ఎక్కడానికి వీల్లేదు. తండ్రి చనిపోతే అది కొడుకు నెత్తిన పడి, వాడూ అదే పడవ ఎక్కాలి. వీళ్లు గాక ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ ఉండేవాళ్లు, వాళ్ల వాటా యజమానిది.

ఆ అప్పులన్నీ రూపాయల్లో. ఈ దీవుల్లో చాలాకాలం నడిచింది మన రూపాయే. 1965లోగానీ దినార్ రాలేదు.

1920లలో బ్రిటిష్ అధికారులు ఒక్కో మునిగేవాడికి ఒక్కో ఖాతా పుస్తకం ఉండాలని, తండ్రి అప్పు కొడుక్కి అంటగట్టకూడదని రూల్స్ తెచ్చారు. అప్పులో మునిగినవాళ్లకి మేలు చేసే మార్పే. కానీ దాంతోపాటు అడ్వాన్సులకి కూడా పరిమితి పడింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ అడ్వాన్సే దిక్కు కాబట్టి మునిగేవాళ్లే తిరగబడ్డారు. 1932లో గొడవ కాల్పుల దాకా వెళ్లింది.

నాకు నచ్చిందేమిటంటే, ఈ బాటలో ఇదంతా దాచలేదు. నఖుదా ఇల్లు, వ్యాపారి ఇల్లు, గోదాము, వైద్యం చేసినవాళ్ల ఇల్లు, మునిగేవాడి ఇల్లు, అన్నీ వరసలో ఉన్నాయి. మనం కోటలు, గడీలు బాగుచేసుకుంటాం. గడీలో వెట్టి చేసినవాడి గుడిసె ఎక్కడుందో ఎవరైనా గుర్తు పెట్టారా? నేనైతే చూడలేదు.

సాయంత్రం సూఖ్‌లో, అంటే బజార్లో, హల్వా కొన్నాం. పిండి, నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులు, జీడిపప్పు. చెంచాతో తింటారు. అమ్మ రెండు రకాలు రుచి చూసి మూడోది కొనిపించింది.

శుక్రవారం

సెలవు. బావ వారం ముందే పడవ మాట్లాడి పెట్టాడు. ఇప్పుడు యాత్రికులు కూడా లైసెన్సు తీసుకుని చిప్పలు ఏరుకోవచ్చు, మనిషికి అరవై దాకా. దొరికిన ముత్యాలు మనవే. అక్టోబరు చివర కాబట్టి నీళ్లు హాయిగా ఉన్నాయి. నేను లైఫ్ జాకెట్‌తో పైపైన తేలుతూ చూశాను. మునిగింది బావ, పడవవాళ్ల కుర్రాడు. ఆ కుర్రాడి ముత్తాత మునిగేవాడట. ఈ తరంలో తను సరదాగా మునుగుతాడు, గాలి సిలిండర్‌తో.

అడుగున వెలుగు బాగానే ఉంది. ఇసుక, నాచు, మధ్యలో అరచేతంత చిప్పలు. ఈ చుట్టుపక్కల సముద్రం అడుగునే మంచినీటి ఊటలు ఉండేవి. ముత్యాల పడవలవాళ్లు తోలు సంచి పట్టుకుని మునిగి, ఉప్పునీళ్ల కింద నుంచి తాగేనీళ్లు నింపుకొచ్చేవాళ్లు. అమ్మకి ఇది చెబితే నమ్మలేదు. కుర్రాడు కూడా అవునన్నాక నమ్మింది. బహ్రెయిన్ ముత్యానికి అంత మెరుపు రావడానికి ఈ తీపినీళ్లే కారణమని వీళ్ల నమ్మకం.

కత్తితో చిప్పలు విప్పడం అమ్మ చేతికి ఇచ్చారు. నలభై దాటినా ఏమీ లేదు, మాంసం, బురద. అప్పుడు ఒకటి వచ్చింది, ఆవగింజంత. తర్వాత ఇంకోటి, దానికంటే చిన్నది, వంకర. మొత్తం మీద నాలుగు, ఒక్కటీ గుచ్చడానికి పనికిరాదు. "ఇన్ని చంపి ఇదా!" అని అమ్మ కత్తి కింద పెట్టేసింది. వెయ్యి చిప్పల్లో మంచి ముత్యాలు ఒకటో రెండో రావడం మామూలేనని పడవవాళ్లు చెప్పారు. అప్పుడు 917 పడవల లెక్క బుర్రలో ఇంకోలా తిరిగింది.

భోజనం పడవలోనే. ముహమ్మర్ అనే అన్నం, ఖర్జూరపు పాకంతో వండింది, ఎర్రగా తియ్యగా ఉంటుంది. పక్కన వేయించిన సాఫీ చేప. మునిగేవాళ్ల తిండి ఇది, ఒంటికి వేడి, సత్తువ ఇస్తుందని. "తియ్యటి అన్నంలో చేపేంటి, విడ్డూరం" అంటూనే అమ్మ రెండోసారి వడ్డించుకుంది.

రాత్రి ముహర్రఖ్‌లో ఫిజ్రీ పాటలు విన్నాం. పడవ మీద పాడడానికే నహ్హామ్ అని ఒక గాయకుణ్ణి జీతమిచ్చి తీసుకెళ్లేవాళ్లు. తెడ్డు వేయడానికి ఒక పాట, తెరచాప ఎత్తడానికి ఒకటి. సీజన్ లేనప్పుడు 'దార్' అనే గదుల్లో చేరి పాడుకునేవాళ్లు. ఇప్పటికీ అలాంటి చోటే పాడుతున్నారు. చిన్న డోళ్లు, మట్టి కుండల మీద చేత్తో దరువు, వరసగా కూర్చున్నవాళ్ల చప్పట్లు. గాయకుడు గొంతెత్తితే మిగతావాళ్లు అడుగుగొంతుతో ఒక గుర్రు పెడతారు, నేలలోంచి వస్తున్నట్టు. 2021లో దీన్నీ యునెస్కో జాబితాలో చేర్చారు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. బావకి అరబిక్ వచ్చుగానీ పాత మాటలట, ఆయనా తలాడించి ఊరుకున్నాడు.

శనివారం

ఖలాత్ అల్ బహ్రెయిన్ దగ్గరికి తొమ్మిదికల్లా చేరాం. దూరం నుంచి చూస్తే పోర్చుగీసు కోట. వాళ్లు 1521లో ఈ దీవిని పట్టుకుని 1602 దాకా ఉన్నారు. అసలు సంగతి కోట కింద ఉంది. ఆ దిబ్బ దేవుడు పెట్టింది కాదు, మనుషులు పేర్చింది. క్రీస్తుపూర్వం 2300 నుంచి 16వ శతాబ్దం దాకా ఒక ఊరి మీద ఇంకో ఊరు కట్టుకుంటూ పోతే పన్నెండు మీటర్ల ఎత్తు లేచింది. 1950లలో డెన్మార్క్ నుంచి వచ్చిన పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీ బృందం తవ్వకాలు మొదలుపెట్టింది. ఇప్పటికి తవ్వింది నాలుగో వంతే. దిల్మున్ అనే ప్రాచీన రాజ్యానికి రాజధాని ఇదే.

ఇప్పటి ఇరాక్‌లో ఉండిన సుమేరు నాగరికత మట్టిపలకల్లో దిల్మున్ ఒక పుణ్యభూమి, రోగం ముసలితనం లేని చోటు. అదే పలకల్లో వ్యాపార లెక్కల్లో కూడా దిల్మున్ ఉంటుంది. ఒమన్ వైపు నుంచి రాగి, సింధూ తీరం నుంచి పూసలు, కలప, అన్నీ ఇక్కడ దిగి మళ్లీ ఎక్కేవి. ఉర్ నగరంలో ఏయా నాసిర్ అనే వ్యాపారి దిల్మున్ నుంచి రాగి తెచ్చి అమ్మేవాడు. నాసిరకం రాగి అంటగట్టాడని, పైగా తన మనిషిని అవమానించి పంపాడని నన్ని అనే ఖాతాదారు తిడుతూ రాయించిన పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాదాపు 3,750 ఏళ్ల నాటిది. అమ్మకి ఈ యాత్ర మొత్తంలో బాగా నచ్చిన కథ ఇదే.

మ్యూజియంలో నన్ను నిలబెట్టేసినవి తూకపు రాళ్లు. చిన్న చిన్న ఘనాకారపు రాళ్లు, నున్నగా. హరప్పా, మొహెంజోదారోల్లో దొరికినవీ ఇవే. పక్కనే మెసొపొటేమియా ఉన్నా, దిల్మున్ వర్తకులు వాడింది సింధూ లోయ తూకమే. సరుకు ఎవరితో ఎక్కువ నడిచిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంకోటి పాము గిన్నెలు. ఒక పాత భవనం నేల కింద మట్టి గిన్నెల్లో పాముల్ని పెట్టి పూడ్చారు. వాటితో పాటు చిన్న చిన్న పూసలు. ఎందుకో ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పారు. అమ్మ అద్దానికి దండం పెట్టుకుంది. నాగులచవితి దగ్గర్లోనే ఉంది మరి.

ఖర్జూరపు గదులు కూడా చెప్పాలి. నేలంతా సన్నటి కాలవలు. పైన ఖర్జూరాల బస్తాలు పేరిస్తే, వాటి బరువుకే పాకం కారి కాలవల వెంట వచ్చి కుండలో పడేది. నిన్న పడవలో తిన్న అన్నానికి కావలసింది ఇదే కదా!

బార్బార్ గుడి దగ్గర ఎక్కువసేపు ఉండలేదు, ఎండ ఎక్కింది. మంచినీటి దేవుడు ఎంకీదంటారు. ఒకదాని మీద ఒకటి మూడు గుళ్లు, పక్కన ఊటబావికి దిగే మెట్లు. అక్కడ దొరికిన రాగి ఎద్దు తల రాజధాని మనామాలోని జాతీయ మ్యూజియంలో ఉంది. బావిలో నీళ్లు లేవు. ఈ దీవుల్లో పేరున్న ఊటలు చాలావరకు ఎండిపోయాయి. మోటార్లు పెట్టి తోడేశారు. ఇప్పుడు కుళాయిలో వచ్చేది ఎక్కువగా సముద్రం నీళ్లని శుద్ధి చేసిందే.

మధ్యాహ్నం ఆలీ. ఊరి మధ్యలో, ఇళ్ల మధ్యలో మట్టిగుట్టలు, కొన్ని మూడంతస్తుల ఎత్తున. ఒక్కోటి ఒక్కో సమాధి, క్రీ.పూ. 2050 నుంచి 1750 మధ్యవి. 2019లో వారసత్వ జాబితాలోకి ఎక్కినవి మొత్తం 11,774. ఒకప్పుడు ఇంతకి ఎన్నో రెట్లు ఉండేవి, రోడ్లూ కాలనీలూ మింగేశాయి. మొదట చూసిన తెల్లవాళ్లు ఇంత చిన్న దీవిలో ఇన్ని సమాధులేమిటి, పక్క దేశాల శవాలు తెచ్చి పూడ్చేవాళ్లేమో అనుకున్నారు. దిబ్బ తవ్వి ఊరు బయటపడ్డాక ఆ మాట నిలబడలేదు. ఆలీ కుమ్మరులు ఈ గుట్టల పక్కల్లోనే బట్టీలు తొలుచుకున్నారు. పెద్దలకి పెట్టిన గుట్టలో కుండలు కాలుస్తారా అని అక్క మొహం చిట్లించింది. నాకైతే తప్పేమీ కనబడలేదు. ఒక గూజ కొన్నాను.

ఆదివారం

అక్కడ ఆదివారం పని దినం. అయినా బావ సెలవు పెట్టాడు. ఎడారి మధ్యలో ఒంటరిగా ఉన్న చెట్టుని చూపిస్తానన్నాడు. షజరత్ అల్ హయాత్ అంటారు, జీవవృక్షం. చుట్టూ ఇంకో చెట్టు లేదు, ఇసుక, ఆయిల్ పైపులు. నాలుగు వందల ఏళ్ల వయసు, పది మీటర్ల ఎత్తు, కొమ్మలు నేలకి వాలి పాకుతున్నాయి. నీళ్లెక్కడివో అని యాత్రికులంతా ఆశ్చర్యపోతుంటే, అమ్మ ఆకు చూసి, "ఇది జమ్మి కాదూ?" అంది.

జమ్మే. వృక్షశాస్త్రంలో ప్రోసోపిస్ సినరేరియా. తెలంగాణ రాష్ట్ర వృక్షం. వేర్లు పాతాళానికి దిగుతాయి కాబట్టి బతికింది, మన బీళ్లలో బతికినట్టే. అమ్మ చుట్టూ ఉన్న గట్టు బయట నుంచి ప్రదక్షిణ మొదలుపెట్టి "శమీ శమయతే పాపం" అందుకుంది. ఫోటోలు తీసుకుంటున్న ఫిలిప్పీన్స్ అమ్మాయిలు తప్పుకుని దారిచ్చారు. దసరా వెళ్లి ఎన్నాళ్లో కాలేదు. కింద రాలిన ఆకు ఒకటి తీసి బావ చేతిలో పెట్టి, "బంగారం" అంది అమ్మ. బావ ఇప్పటికీ అత్తగారి ముందు కుర్చీలో సరిగా కూర్చోడు. ఆ ఆకుతో పాటు వంగి కాళ్లకి దండం పెట్టాడు.

అక్కడికి దగ్గర్లోనే జబల్ దుఖాన్, దేశంలో అన్నిటికన్నా ఎత్తైన గుట్ట. దాని పక్కన 1932లో నూనె పడిన మొదటి బావి. గల్ఫ్‌లో అరబ్బుల వైపు ఆయిల్ దొరకడం అదే మొదలు. కువైట్, సౌదీ, ఖతర్ తర్వాతే. పచ్చరంగు వేసిన వాల్వు, ఒక బోర్డు. చూడ్డానికేమీ లేదు, అయిదు నిమిషాలు.

ఆ సంవత్సరం మాత్రం గుర్తుంచుకోవాలి. జపాన్‌లో మికిమొతో చిప్పలో నలుసు పెట్టి ముత్యం పెంచడం నేర్చాడు. 1920ల నుంచి ఆ గుండ్రటి ముత్యాలు పారిస్, లండన్ దుకాణాల్లోకి దిగాయి. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలితే కొనేవాళ్లే లేకుండా పోయారు. ముహర్రఖ్‌లో ముత్యాలున్నాయి, ధర లేదు. మునిగేవాళ్లకి అడ్వాన్సు ఇచ్చేవాడు లేడు. 1932లో తిరగబడిందీ ఈ కష్టంలోనే, నూనె పడిందీ అప్పుడే. కొన్నేళ్లలో మునిగేవాళ్లు పడవ దిగి ఆయిల్ కంపెనీలో చేరారు. నెల తిరిగేసరికి జీతం, అడ్వాన్సు అప్పు లేదు. పాత పాటల్లో సముద్రం గురించి ఎంత బెంగ ఉన్నా, ఆ పనికి తిరిగి వెళ్లినవాళ్లు తక్కువ.

సోమవారం

రాత్రికి విమానం. పొద్దున మనామా.

దారిలో బావ ఒక పెద్ద సిగ్నల్ కూడలి చూపించాడు. ఇక్కడే పెర్ల్ రౌండెబౌట్ ఉండేదట. ఆరు తెరచాపలు కలిసి ఒక ముత్యాన్ని ఎత్తి పట్టుకున్న కట్టడం. 2011లో జనం వేలల్లో చేరి నిరసన చేసింది దాని కిందే. ఆ మార్చిలోనే ప్రభుత్వం కూల్చేసింది. ముత్యాల ఇళ్లకి యునెస్కో గుర్తింపు వచ్చింది ఆ మరుసటి ఏడు. ఏది వారసత్వమో ఏది కాదో తేల్చేది ఎవరో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

బాబ్ అల్ బహ్రెయిన్ 1949లో కట్టినప్పుడు సముద్రానికి ఎదురుగా ఉండేది. ఇప్పుడు సముద్రం ఎక్కడో టవర్ల అవతల. దాని వెనక సందుల్లో కృష్ణుడి గుడి, 1817 నుంచి ఉంది. సింధులోని థట్టా నుంచి వచ్చిన భాటియా వర్తకులు కట్టుకున్నారు. ఇక్కడి ముత్యాల వ్యాపారంలో ఈ కుటుంబాలదీ పెద్ద చెయ్యే. సరుకు బొంబాయి వెళ్లేది, అక్కడ ఏరి, తొలిచి, గుచ్చితే పారిస్‌కీ, మన సంస్థానాలకీ. నిజాం మెడలో పడింది ఈ దారినే. అమ్మ హారతి తీసుకుని చాలాసేపు కూర్చుంది.

ముత్యాల దుకాణాల్లో పెంచిన ముత్యాలు అమ్మడం ఇక్కడ నేరం. సహజమైనవే అమ్మాలి. పరీక్షించడానికి దానత్ అనే సంస్థ ఉంది, 2017లో పెట్టారు. ఎక్స్‌రే తీసి లోపలి పొరలు చూసి కాగితం ఇస్తారు. ఒక దుకాణంలో జత కమ్మల ధర అడిగి, దినార్‌ని రూపాయల్లోకి మార్చి, బయటికొచ్చేశాం. అమ్మ మెడలో పెళ్లినాటి ఒంటిపేట దండ ఉంది, బసరావని తాతయ్య చెప్పి కొన్నవి. అక్క పరీక్ష చేయిద్దామంది. అమ్మ ఒప్పుకోలేదు. "కాదంటే ఏం చేస్తావు? చచ్చిపోయిన మనిషితో గొడవ పెట్టుకోనా?"

సూఖ్ వెనక ఒక టీ కొట్టు దగ్గర కరక్ చాయ్ తాగుతుంటే మా తెలుగు విని ఒకతను దగ్గరికొచ్చాడు. జగిత్యాల దగ్గరి ఊరు. తాపీ పని. ఎక్కడెక్కడ తిరిగారని అడిగితే ముహర్రఖ్ అన్నాను.

"ఆ పాత ఇండ్లు చూసిండ్రా అక్కా? ఆడ రెండు ఇండ్లకు పూత మేమే పెట్టినం. సిమెంటు ముట్టనియ్యరు. అంతా జిప్సమే. కలిపినంక జల్దీ గట్టిపడ్తది, చెయ్యి ఆగొద్దు."

ఎవరి ఇళ్లో తెలుసా అని అడిగాను. పేరు చెప్పలేకపోయాడు గానీ గోడ ఎంత మందమో, ఏ మూల పగడపు రాయి పొడిపొడిగా రాలుతుంటే మార్చారో చెప్పాడు. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని ఆపాలన్న రూల్ ఉంది కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టేవాళ్లట.

అమ్మ, "వచ్చి ఎన్నేళ్లయింది నాయనా?" అంది.

"ఆరేండ్లు అమ్మా. మొదటి రెండేండ్లు ఏజెంటు పైసలకే పోయినయి. ఊళ్లె మిత్తికి తెచ్చిన. అది తీరినంక చెల్లె పెండ్లికి మల్ల తెచ్చిన."

"ఇప్పుడు?"

"ఇంక జర ఉన్నది."

చాయ్ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. బావ ఫోన్ చేసి హల్వా డబ్బాలు క్యాబిన్ బ్యాగులో పెట్టొద్దు, చెక్-ఇన్‌లోనే వేయమన్నాడు. ఏడింటికల్లా బయల్దేరాలి.